ఆటలో నేల ఎన్ని ఎకరాలు?

సర్వే పనిలో ఏళ్ల తరబడి గొలుసు లాగినవాణ్ని. ఇప్పుడు మనవళ్ల పక్కన కూర్చుని వాళ్ల వీడియో గేముల్లోని నేల కొలుస్తున్నాను. ఈ లెక్క మీద ఇష్టమున్న పిల్లల కోసం ఈ నాలుగు మాటలు.

1. ముందు కొలబద్ద దొరకాలి. చాలాసార్లు అది ఆటలోనే ఉంటుంది. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక్కో బ్లాకు భుజం ఒక మీటరు. పబ్జీలో ఎరాంగెల్ మ్యాపు మీద పెద్ద గడి ఒక్కోటి కిలోమీటరు. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, మొత్తం 64 చదరపు కిలోమీటర్లు. ఎకరాల్లో చెప్పాలంటే 15,800 పైచిలుకు. అదే ఆటలోని సాన్‌హాక్ మ్యాపు భుజం అందులో సగం, 4 కిలోమీటర్లు. భుజం సగమైతే విస్తీర్ణం పావే అవుతుంది. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

2. గడులు లేకపోతే నడిచి కొలవాలి. దారి తిన్నగా ఉన్నచోట ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించి ఎంతసేపు పట్టిందో చూసుకోండి. అయితే మనిషి గంటకు 5 కిలోమీటర్లు నడుస్తాడు కదా అని గుణించేయకండి. మైన్‌క్రాఫ్ట్ మనిషి మామూలు నడకే సెకనుకు 4.3 మీటర్లు, అంటే గంటకు 15 కిలోమీటర్ల పైమాటే. మన నడకతో లెక్క కడితే పొడవు మూడో వంతుకు, విస్తీర్ణం దాదాపు పదో వంతుకు పడిపోతుంది. అందుకే మొదట పొడవు తెలిసిన వస్తువు పక్కన నడిపించి వేగం తేల్చుకోవాలి. ఫుట్‌బాల్ మైదానం కనిపిస్తే మంచిదే, అంతర్జాతీయ పోటీలకు దాని పొడవు 100 నుంచి 110 మీటర్లు. కానీ ఆటల్లో కట్టడాలను కుదించేస్తుంటారు. ఒక్కదాన్నే నమ్మకుండా రెండు మూడింటితో సరిచూడండి.

3. టైము చూసేది మీ చేతి గడియారంలో. 2004లో వచ్చిన జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో మన సెకను అక్కడ నిమిషం.

4. అదే ఆటలో మ్యాపు భుజం 6 కిలోమీటర్లు, సముద్రంతో కలిపి 36 చదరపు కిలోమీటర్లు. అందులోనే లాస్ ఏంజెలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, లాస్ వేగాస్‌లను పోలిన మూడు నగరాలు! నిజంగానైతే లాస్ ఏంజెలెస్ నుంచి లాస్ వేగాస్‌కే రోడ్డు మీద 400 కిలోమీటర్లు దాటుతుంది. కాబట్టి ఆటలో కాలు మోపే నేల ఎంత అన్నది ఒక ప్రశ్న, అది ఎంత నేలకు బదులుగా నిలబడింది అన్నది వేరే ప్రశ్న. రెండింటినీ కలిపేస్తే ఏదీ తేలదు.

5. ఒక్క మ్యాపులో ఒక్క స్కేలే ఉండాలని లేదు. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో ఊళ్ల బయట 1:19, ఊళ్లలో 1:3. అంటే బయటి నేలను 361తో గుణించాలి, ఊరి నేలను 9తోనే. నా దృష్టిలో ఇది తెలివైన ఏర్పాటు. వీధి మలుపులో లారీ తిప్పాలంటే జాగా నిజమంత ఉండాలి, హైవే మాత్రం గంటల తరబడి సాగనక్కర్లేదు.

ఎవరైనా ఒక గేము ఇన్ని చదరపు కిలోమీటర్లు అని చెబితే మూడు అడగండి: కొలబద్ద ఏది, సముద్రం కలిపారా, స్కేలు అంతటా ఒకటేనా?