చుక్కల చదువుకు కొలువులెక్కడ?

ప్రశ్న: మా అమ్మాయిది ఎమ్మెస్సీ ఆస్ట్రోఫిజిక్స్ ఆఖరి సంవత్సరం. పీహెచ్‌డీ చేయకపోతే ఉద్యోగం రాదా?
– ఒక తండ్రి, వరంగల్

జవాబు: పరిశోధనే కావాలంటే పీహెచ్‌డీ తప్పదండీ. నెట్, జెస్ట్ లాంటి అర్హత పరీక్షలు రాసి పుణెలోని అయుకా, బెంగళూరులోని ఐఐఏ వంటి ఖగోళ పరిశోధన సంస్థల్లో చేరాలి. ఐదారేళ్లు పడుతుంది. ఆ తర్వాత కూడా పర్మనెంటు పోస్టులు తక్కువే, ముందే చెబుతున్నా.

పీహెచ్‌డీ వద్దనుకుంటే? ఈ చదువులో నేర్చే డేటా పనే దారి చూపిస్తుంది. పుణె జిల్లా నారాయణ్‌గావ్ దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపులో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. వాటి డేటాలోంచి సెల్ టవర్ల రొద, కరెంటు తీగల చిటపటలు ఏరేస్తేగానీ పల్సార్ అనే నక్షత్రం చప్పుడు దొరకదు. పైథాన్‌లో ఆ పని చేయగలిగిన పిల్లకు బ్యాంకు మోసాలు పట్టుకోవడం, ఉపగ్రహ చిత్రాలు చదవడం కొత్తేం కాదు. ఉపగ్రహ చిత్రాలపై పనిచేసే హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ నోటిఫికేషన్లలో అర్హతలు చూసుకోమనండి. ఇంటర్వ్యూకు మార్కుల మెమోతో పాటు ప్రాజెక్టు కోడ్ కూడా పట్టుకెళ్లమనండి.