వేగం - వివేకం

ఉలి, బాడిస, చిత్రిక, ఆకురాయి - ఇవి వడ్రంగి వృత్తికి తరతరాలుగా తోడునిలిచిన పనిముట్లు. వీటన్నింటికీ మనిషి భుజబలమే ఆధారం. చేయి అలసిన చోట పనిముట్టూ ఆగేది. విద్యుత్తు వచ్చాక ఈ బంధం తెగిపోయింది. పనివాని చేయి నిశ్చలంగా ఉండగానే పనిముట్టు వేల చుట్లు తిరుగుతుంది. వేగాన్ని అదుపుచేసే బాధ్యత భుజం నుండి బుద్ధికి మారింది.

అరచేతిలో ఇమిడే అటువంటి పరికరమే రోటరీ టూల్. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, రసీన్ నగరంలో ఆల్బర్ట్ డ్రెమెల్ 1932లో స్థాపించిన సంస్థ దీనికి విశేష ప్రచారం తెచ్చింది. అందువల్ల నేటికీ ఎందరో దీనిని 'డ్రెమెల్' అనే పిలుస్తారు. కొనలో బిగించే బిట్టును మార్చి చెక్కడం, తొలవడం, కోయడం, మెరుగుపెట్టడం వంటి పనులన్నీ చేయవచ్చు. అనేక నమూనాలలో దీని వేగం నిమిషానికి 5,000 నుండి 35,000 చుట్ల వరకు ఉంటుంది.

ఇంత వేగం ఉన్నది కదా అని అంతా వాడదగునా? ఒక చిన్న లెక్క చూడండి. నిమిషానికి 30,000 చుట్లు తిరిగేటప్పుడు 3 మిల్లీమీటర్ల వ్యాసం గల బిట్టు అంచు గంటకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అదే మోటారుకు 25 మిల్లీమీటర్ల చక్రం తగిలిస్తే దాని అంచు వేగం గంటకు సుమారు 141 కిలోమీటర్లు! ఒకటి సైకిలు నడక, మరొకటి రైలు పరుగు. కనుక బిట్టు వ్యాసం పెరిగేకొద్దీ చుట్ల సంఖ్యను తగ్గించాలి. బిట్టుపై ముద్రించిన గరిష్ఠ వేగాన్ని ఎన్నడూ మించరాదు.

11వ శతాబ్దికి చెందిన కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు కావ్యానికి ఔచిత్యమే ప్రాణమన్నాడు. ఈ మాట పనిముట్టుకూ వర్తిస్తుంది. అధిక వేగంలో ప్లాస్టిక్కు తెగదు, కరిగి బిట్టుకు అంటుకొంటుంది. కర్రపై బిట్టును ఒకేచోట నిలిపితే కర్ర మాడి నల్లబడుతుంది. గాజును వజ్రపు పూత గల బిట్టుతో, తక్కువ వేగంలో, నీటి చుక్కలతో చల్లబరుస్తూ తొలవాలి. ఆ నీరు పరికరంలోనికి పోరాదు. తీగ బ్రష్షును 15,000 చుట్లకు మించి తిప్పితే తీగలు ఊడి ఎగిరిపడగలవు.

అయితే తక్కువ వేగం ఎల్లప్పుడూ క్షేమకరమని భావించరాదు. మోటారును చల్లబరిచే పంకా కూడా మోటారుతోనే తిరుగుతుంది. తక్కువ వేగంలో గట్టిగా అదిమితే గాలి చాలక మోటారు వేడెక్కుతుంది. ధ్వని మందగించిందంటే ఒత్తిడి ఎక్కువైనదని గ్రహించి చేయి సడలించాలి. కోయవలసింది బిట్టే గాని భుజం కాదు.

ఇక సంరక్షణ. ఏ పని చేయబోయినా ముందు ప్లగ్గు తీయాలి. బిట్టు కాడకు సరిపోయే కోలెట్‌నే వాడాలి. మోటారు తిరుగుతుండగా ఇరుసును బంధించే మీటను నొక్కరాదు. గాలిరంధ్రాలలో చేరిన ధూళిని పొడిగాలితో ఊది తొలగించాలి. కార్బన్ బ్రష్షులు గల నమూనాలలో వాటిని అప్పుడప్పుడు పరీక్షించి, అరిగిపోయిన వాటిని జతగా మార్చాలి. మొద్దుబారిన బిట్టు మోటారుకు భారం.

అన్నింటికంటె ముఖ్యమైనది ఆత్మరక్షణ. కోత చక్రం పలుచనిది. పక్కకు వంచితే విరిగి ముక్కలు చిమ్ముతుంది. ఆ ముక్క కంటిని చేరడానికి క్షణం చాలు, పోయిన చూపు తిరిగి రావడానికి జీవితం చాలదు. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. వదులు దుస్తులు, విరబోసుకొన్న జుట్టు, వేలాడే గొలుసులు తగవు. పనిచేసే వస్తువును చేతితో పట్టుకొనక, బిగింపులో నిలపాలి.

యంత్రానికి శక్తి ఉంది గాని విచక్షణ లేదు. ఆ లోటును తీర్చవలసినది మనిషే.

కఠిన పదాలకు అర్థాలు
ఔచిత్యం = తగినట్లుగా ఉండడం
తొలవడం = రంధ్రం చేయడం
విచక్షణ = మంచిచెడ్డలను వేరుచేసి తెలుసుకొనే శక్తి

ప్రశ్నలు
1. బిట్టు వ్యాసానికి, చుట్ల సంఖ్యకు గల సంబంధాన్ని వివరించండి.
2. తక్కువ వేగం కూడా మోటారుకు హాని చేయగలదని రచయిత ఎందుకన్నారు?
3. 'వేగం - వివేకం' అనే శీర్షిక ఔచిత్యాన్ని చర్చించండి.