కొండను కొనగోరు మేనల్లునికి

నెల్లిమర్ల



నీ ఉత్తరము చేరినది. చదువు నిమిత్తము ఆస్ట్రియా దేశమునకు వెళ్ళిన నీవు, ఆల్ప్సు పర్వతములపై పచ్చికబయళ్ళును, వానిని ఆనుకొనియున్న అడవులును వేటహక్కుతో సహా విక్రయమగుట చూచి, మన సాలూరు కొండలలో అట్టి భూమి కొని పశువులను పెంచుచు, తీరికవేళల వేటాడుచు బ్రదుకవలెనని సంకల్పించితివి. మన వైపు కొండలపై నీకింత మమకారము కలుగుట నాకు పరమసంతోషము. కాని ఆ కోరికలో ఏ భాగము ఇచ్చట నెరవేరునో, ఏ భాగము నెరవేరదో నీవు ముందుగా తెలిసికొనవలెను.

నీవు చూచిన దేశమున భూస్వామ్యమును వేటహక్కును ఒకదానితో నొకటి ముడివడి యున్నవి. ఆస్ట్రియాలో పలు రాష్ట్రములందు 115 హెక్టార్లు, అనగా సుమారు 284 ఎకరములు, ఒకే చెక్కగా కలవాడు దానిని స్వంత వేటభూమిగా నడుపుకొనవచ్చును. జర్మనీలో ఆ పరిమితి 75 హెక్టార్లు. అచ్చట సైతము వేటకు అనుమతిపత్రమును, ఎన్ని జింకలను కొట్టవలెనో నిర్ణయించు ప్రణాళికయు, పొలమో అడవియో కొనువానికి భూవ్యవహారాధికారుల సమ్మతియు కావలెను. మన దేశముననో, మన్ను ఒకరిది, మాను వేరొకరి అధీనము, మృగము ఎవరి సొత్తును గాదు. ఈ భేదము మనస్సునకు పట్టినగాని తక్కిన విషయము బోధపడదు.

మొదట మన్ను సంగతి. ఉప్పునకు, గుడ్డకు, పెండ్లి ఖర్చులకు షావుకారు వ్రాసిన పద్దు ఏటేట పెరిగి, తుదకు జాతాపు గిరిజన రైతు పల్లపుమడియు సవరవాని చింతతోపును అతని వశమగుట మన్యమున తరతరములుగా జరిగిన అన్యాయము. దానిని అరికట్టుటకై మద్రాసు ప్రభుత్వము 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు చట్టము చేసినది. 1959లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మరియొక నిబంధన తెచ్చినది. అయినను కాగితముపై నున్న రక్షణ కొండవాని గుడిసెవరకు చేరలేదు. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద తుపాకులు ప్రేలి గిరిజనులు నేలకొరగిన పిమ్మట శ్రీకాకుళపు కొండలలో పోరాటము ఎట్లు రగిలినదో మా తరమువారము ఎరుగుదుము. ఆ పోరాటము సాగుచున్న కాలముననే, 1970 ఫిబ్రవరి 3 నుండి, జనులు ‘1/70’ అని పిలుచు సవరణ అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము గిరిజనులకై ప్రకటింపబడిన షెడ్యూల్డు ప్రాంతములో గిరిజనుడు గిరిజనేతరునికి భూమి అమ్మరాదు; గిరిజనేతరుడు సైతము మరియొక గిరిజనేతరునికి అమ్మరాదు; గిరిజనేతరుని చేతనున్న భూమి గిరిజనునివద్దనుండి వచ్చినదే యని చట్టము మొదట భావించును, కాదని ఋజువుచేయు భారము అనుభవదారునిపై నుండును. 1997లో సమత అను సంస్థ వేసిన కేసున, బొర్రా కొండల గనుల విషయమై, ప్రభుత్వము కూడ తన భూమిని గిరిజనేతరులకు కౌలునకు ఈయరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇది కఠినమని నీ వయస్సువారికి తోచవచ్చును. న్యాయమని నా దృఢవిశ్వాసము. పాలేరు పేర వ్రాయించుకొని నీవే అనుభవింపవచ్చునని నీ ఉత్తరములో పేర్కొన్న మధ్యవర్తి చెప్పు మాట చెవిని పెట్టకుము. అది ఆ గిరిజనుని పేరును దొంగిలించుటయే గాక, భూమి నీచేతినుండి పోవుటకు తెరచిన ద్వారము.

అడవి సంగతి క్లుప్తముగా వ్రాసెదను. రిజర్వు అడవి ఎవరికిని విక్రయము గాదు. 2006 నాటి చట్టముచే గిరిజనులు పొందిన అటవీహక్కు పట్టా వారసులకు సంక్రమించునే గాని అమ్ముడుపోదు. స్వంత భూమిలోనిదైనను, 1996 డిసెంబరు 12 నాటి సుప్రీంకోర్టు ఉత్తరువు ప్రకారము, అది అడవియని ఎంచబడినచో కేంద్రప్రభుత్వపు అనుమతి లేక ఇతర ఉపయోగమునకు మార్చరాదు.

ఇక వేట. జమీందారుల కాలపు షికారు కథలు విని పెరిగినవాడవు గనుక నీ ఉబలాటము నాకు అర్థమగును. కాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పిమ్మట ఆ ద్వారము క్రమముగా మూసికొన్నది. ఉచ్చు పన్నుట, ఎరవేయుట, తరుముట సైతము వేట క్రిందికే వచ్చును. మొదటి షెడ్యూలులోని మృగమును చంపినవానికి 3 నుండి 7 సంవత్సరముల కారాగారము. పైరు పాడుచేయు అడవిపందిని సైతము అధికారి లిఖితపూర్వకమైన అనుమతి లేనిదే కొట్టరాదు; అనుమతిపై కొట్టినను దాని కళేబరము ప్రభుత్వపు సొత్తు. చేని చుట్టు కరెంటు తీగ కట్టువారిని చూచి అనుకరింపకుము. ఆ తీగకు పందియే గాక, తెల్లవారక మునుపు పశువులను తోలుకొనిపోవు బాలుడును బలియగును.

అట్లయిన ఏమి కొనవచ్చునందువా? చంపావతి నది ఒడ్డున గజపతినగరము మొదలు మన ఊరివరకు, షెడ్యూల్డు ప్రాంతమునకు వెలుపల, మామిడి, జీడితోటలతో కూడిన జిరాయితీ గరువుభూములు కలవు. 284 ఎకరములు మాత్రము ఆశింపకుము. 1973 నాటి భూపరిమితి చట్టము నేల తరగతినిబట్టి ఒక కుటుంబమునకు మెట్ట 35 మొదలు 54 ఎకరముల వరకే ఉంచినది. అడంగలు, 1-బి అను రెవిన్యూ లెక్కలను, రిజిస్ట్రారిచ్చు ఈసీని చూచినంతనే తృప్తిపడరాదు. మనవి ఒకప్పటి ఎస్టేటు గ్రామములు గనుక సెటిల్మెంటు ఫెయిర్ అడంగలులో ఆ సర్వే నంబరు ఏమని నమోదైనదో చూడవలెను. ‘గయాలు’ అనియో, మేత పోరంబోకనియో ఉన్నచో నేటి పట్టా ఎంత ముచ్చటగా నున్నను విడిచిపెట్టుము. అది ఊరి పశువుల పచ్చిక. ప్రభుత్వము పేదలకిచ్చిన డి-పట్టా అయినచో 1977 నాటి నిషేధమును, దానికి 2023లో వచ్చిన సడలింపును న్యాయవాదిచే చదివింపవలెను. నిషిద్ధభూముల 22-ఎ జాబితాలో నంబరున్నచో రిజిస్ట్రారు దస్తావేజును స్వీకరింపడు. కాగితములు సరియైన పిమ్మట వైశాఖమాసపు ఎండలలో వెళ్ళి గెడ్డలో నీరున్నదేమో చూడవలెను. శ్రావణమున ప్రతి కొండవాలును పచ్చగనే కనబడును. ఆ భూమి మీదుగా పశువులు తోలువారిని అడిగినచో పాత కరణముల లెక్కలలో లేని బాటలు తెలియును.

మరియొక ముఖ్యవిషయము: విదేశవాసియై యున్నంతకాలము నీవు వ్యవసాయభూమిని కొనుటకు మన విదేశమారక చట్టము అంగీకరింపదు, వారసత్వముగా మాత్రమే పొందవచ్చును. కనుక చదువు ముగించి స్వదేశమున స్థిరపడువరకు ఎవ్వరికిని బయానా పంపకుము. ఆ మధ్యవర్తి నీకు తెలిపిన గ్రామము పేరును, సర్వే నంబర్లను ఈలోగా నాకు వ్రాయుము; ఆ గ్రామము షెడ్యూల్డు జాబితాలో ఉన్నదో లేదో మొదట విచారించి, తహశీల్దారు కార్యాలయమున పాత లెక్కలు చూచి జాబు వ్రాసెదను.

ఇట్లు,
నీ మేనమామ