శెనక్కాయలతో వండే ఆర్కిడ్ దుంప
(తృతీయ బి.యస్సీ. విద్యార్థి)

ఆర్కిడ్ అనగానే మనకు ఖరీదైన పువ్వులే గుర్తుకు వస్తాయి. ఆ కుటుంబంలో తినేది ఏదని పరీక్షలో అడిగితే "వెనిల్లా" అని వ్రాసి మార్కులు తెచ్చుకుంటాం. కాని ఆఫ్రికాలోని జాంబియా దేశపు ఉత్తర ప్రాంతంలో బెంబా ప్రజలు ఆర్కిడ్ దుంపలను తరతరాలుగా వండుకొని తింటున్నారు. ఆ వంటకం పేరు చికండా.

డైసా, సటీరియం, హేబెనేరియా అనే ప్రజాతుల మొక్కలు ఇందుకు పనికివస్తాయి. ఇవి చెట్లమీద కాక గడ్డి నేలల్లో పెరుగుతాయి. దుంపలను ఎండబెట్టి, రోట్లో దంచి పిండి చేస్తారు. శెనక్కాయ విత్తులను కూడా దంచి, ఆ పొడిని నీళ్ళలో ఉడికిస్తూ ఉప్పు, కారం వేస్తారు. తర్వాత దుంపల పిండి, కొంచెం వంటసోడా వేసి తెడ్డుతో తిప్పుతారు. అచ్చం మా అమ్మ సంగటి కెలికినట్లే! చిక్కబడ్డాక మూతపెట్టి, మూతమీద కూడా నిప్పులు వేస్తారు. చల్లారితే కత్తితో ముక్కలు కోయవచ్చు. మాంసం లేకుండానే మాంసపు సాసేజిలాగా ఉంటుందని దీన్ని "ఆఫ్రికా పొలోనీ" అని కూడా అంటారు.

పల్లెల తిండి పట్నం సంతలకు ఎక్కింది. జాంబియాలో దుంపలు తగ్గిపోయేసరికి వ్యాపారులు పక్కనున్న టాంజానియా కొండలకు పోయారు. అక్కడ ఆర్కిడ్లకు పేరుపడ్డ కిటులో పీఠభూమిని 2005లో జాతీయ పార్కు చేశారు.

సెలవుల్లో ఈ సంగతి మా నాయనతో చెప్తే, "అంతా తవ్వుకొని తింటే విత్తనానికి ఏం పెట్టుకుంటారు రా?" అన్నాడు. వానలు లేని ఒక ఏడు మా ఇంట్లో విత్తనపు కాయలు కూడా అమ్ముకున్నాం. మరుసటి ఏడు అప్పు చేసి విత్తనం కొన్నాం. అందుకే ఆయనకు ముందు ఆ ప్రశ్నే వచ్చింది.

ఈ దుంపకు కొనడానికి విత్తనం కూడా దొరకదు. ఆర్కిడ్ గింజ దుమ్ములాంటిది. అందులో అంకురచ్ఛదం, అంటే మొలకకు కావలసిన ఆహారపు నిల్వ, ఉండదు. నేలలో తగిన శిలీంధ్రం తోడు దొరికి, అది ఆహారం అందిస్తేనే మొలుస్తుంది. దుంప తీశామంటే మొక్క పోయినట్టే. సంతకొచ్చే సరుకంతా దాదాపు ఇట్లా అడవిలో తవ్వినదే.

"ఆ బూజునే చేలో చల్లితే?" అన్నాడు నాయన. ప్రయోగశాలలో శిలీంధ్రంతోనో, చక్కెర కలిపిన అగార్ మీదనో చాలా ఆర్కిడ్ గింజలను మొలిపించారనీ, కాని నేల ఆర్కిడ్లు తవ్వేంత దుంప కట్టాలంటే ఏళ్ళు పడుతుందనీ చెప్పాను.

"అన్నేళ్ళు చేను బీడు పెట్టుకొని ఎవడు కూర్చుంటాడప్పా!" అని లేచి ఎద్దులకు మేత వేయడానికి పోయాడు.