పాతబట్టలతో బొంత

మన భాషలో బొంతకు గౌరవము తక్కువ. పొందిక లేని వ్రాతను ‘అతుకుల బొంత’ యందురు. జోడు కుదిరినదని వెక్కిరింపవలసినప్పుడు ‘గంతకు తగ్గ బొంత’ యందురు. వసతిగృహములకు వచ్చు పిల్లలలో కొందరు తల్లి కుట్టి పంపిన బొంతను పెట్టె యడుగున దాచి, అంగడిలో కొన్న రగ్గును కప్పుకొనుట మే మెరుగుదుము. ఆ సిగ్గు తగదని చెప్పి, బొంత కుట్టు విధమును నేర్పుటకే ఈ పాఠము.

పొన్నూరు చుట్టును కాలువనీటి మాగాణి. పడమటికి పోయినకొలది నల్లరేగడిలో ప్రత్తియు మిరపయు. ప్రత్తి పండు సీమలో నూలుబట్టకు కొదువ యుండదు. అది ఉతికినకొలది మెత్తబడును, చెమటను పీల్చును. పాలియెస్టరు చీర పీల్చదు. నిప్పు తగిలినచో కరగి ఒంటి కంటుకొనును. కనుక దానిని సంచులకు వాడవచ్చును గాని పసిపిల్లల పక్కకు వాడరాదు. మిరపకల్లములో వాడిన గుడ్డను సయితము, ఎన్నిమార్లు ఉతికినను, పసివారి బొంతలో చేర్చకుండుట మేలు.

బట్టను ముందుగా వెలుతురున కెత్తి చూడవలెను. చీరలో పాదముల యొద్ద రాచుకొను అంచు, చొక్కాలో మెడపట్టీ, మోచేతులు త్వరగా నలుగును. పలుచబడిన గుడ్డను లోపొరలలో నుంచి, గట్టిదానిని పైకిని అడుగునకును తీసికొనవలెను. ఇక లెక్క: 6 గజముల చీర 18 అడుగులు. మూడు మడతలు వేసిన, 6 అడుగుల నిడివి గల మూడు పొరలగును. రెండు చీరలకు ఆరు పొరలు, ఒక్కరికి చాలును. వెడల్పునకు చీర పన్నాయే సరిపోవును.

పాతగుడ్డలో ఉతకని క్రొత్తముక్కను చేర్చరాదు. అది నీటిలో ముడుచుకొని పక్కనున్న పాతదానిని చింపును. సువార్తలలోని మాసిక ఉపమానము కుట్టుపని యెరిగినవారి మాటయే. తప్పనిచో ఆ ముక్కను రెండుమార్లు ఉతికి ఆరవేసి పిమ్మట వాడవలెను.

పొరలను నేలపై ముడుతలు లేకుండ పరచి, నడుమ నుండి అంచులకు జానెడు దూరమున కచ్చాకుట్టు వేయవలెను. అంచుల నుండి మొదలిడినచో గుడ్డ నడుమ ఉబ్బును. తరువాత రెండు వ్రేళ్ళ యెడముతో వరుసలుగా, సూదిని పొరలన్నిటిలో ముంచి తేల్చుచు కుట్టవలెను. దారము నూలుదే కావలెను. ముడి పొరల నడుమ దాగవలెను. ఈ పనికి ఓర్పు కావలయును గాని యంత్రము అక్కరలేదు. బాలురకును రాని విద్య కాదు.

పై పొరలో అతుకులు వేయువారు రంగుల కూర్పును గూడ చూడవలెను. అమెరికాలోని అలబామా రాష్ట్రమున గీస్ బెండ్ అను పల్లె కలదు. బానిసత్వమునుండి విడుదలైనవారి సంతతి యచ్చట నివసింతురు. ప్రత్తిచేలలో పాటుపడిన ఆ నల్లజాతి స్త్రీలు చిరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టిరి. చలికి కుట్టిన ఆ బొంతలే 2002లో హ్యూస్టన్ నగరపు కళాప్రదర్శనశాలలో గోడల కెక్కినవి. 2006లో అమెరికా తపాలాశాఖ వాని చిత్రములతో బిళ్ళలు ముద్రించినది. వంగదేశమున కాంథా కుట్టువారు పాతచీరల అంచులనుండి రంగుపోగులు లాగి, వానితోనే పూవులు కుట్టెడివారు. మన యిండ్లలో ఎన్ని అంచులు మసిగుడ్డలగుచున్నవో!

చొక్కాతో దిండుగలేబు కుట్టుట మిక్కిలి సులభము. బొత్తాములు పెట్టి చొక్కాను తిరగవేసి, చేతుల క్రింది భాగమున దిండు కొలతకంటె అంగుళము హెచ్చుగా గీత గీసి, నాలుగువైపుల కుట్టి, మిగిలినది కత్తిరింపవలెను. బొత్తాములు విప్పి లోపలిది పైకి తీసిన గలేబు సిద్ధము. దిండును పెట్టుటకు ఆ బొత్తాముల దారియే ద్వారము.

మిగిలిన సన్నని పీలికలను జడవలె మూడు పాయలుగ అల్లి, నడుమనుండి చుట్టుచు, చుట్టునకు చుట్టు కలిపి కుట్టిన, గుమ్మము ముందు కాళ్ళు తుడుచుకొను పట్టా యగును. జడను బిగువుగా లాగరాదు. లాగినచో పట్టా గిన్నెవలె పైకి లేచును. అప్పుడు లేచిన చుట్టు వరకు కుట్టు విప్పి, వదులుగా మరల చుట్టవలెను.