ప్రభుత్వ సాయం పొందేవారికి ఇల్లు అద్దెకివ్వవచ్చా?

అమెరికాలో ఇళ్ళు అద్దెకిచ్చే సోదరులకు ఎదురయ్యే ప్రశ్న ఇది. 1974లో ఆరంభమైన ‘సెక్షన్ 8’ పథకంలో పేద కుటుంబం సాధారణంగా తన ఆదాయంలో సుమారు 30 శాతం చెల్లిస్తుంది. మిగిలిన అద్దెను స్థానిక గృహవసతి సంస్థ నేరుగా యజమానికి చెల్లిస్తుంది.

షరీఅత్ ప్రకారం ఇజారా (అద్దె ఒప్పందం)లో అద్దె, గడువు స్పష్టంగా ఉండాలి. ఒకరి తరఫున మరొకరు చెల్లించడం ధర్మసమ్మతమే. కనుక ఆ సొమ్ము హలాల్. అయితే ఒప్పందానికి మించి చాటుగా వసూలు చేయడం ద్రోహం. ఒప్పందాలను నెరవేర్చమని సూరా మాయిదా మొదటి ఆయత్ ఆదేశిస్తోంది.

ఈ సాయం పొందుతున్నారని నిరాకరించడం అనేక రాష్ట్రాలలో చట్టవిరుద్ధం కూడా. అద్దెకు వచ్చేవారి నడవడిని విచారించండి. పేదరికాన్ని మాత్రం దోషంగా ఎంచకండి. ఇల్లు అల్లాహ్ మనకిచ్చిన అమానత్. దాని గురించి ప్రళయదినాన సమాధానం చెప్పుకోవాలి.