పాల వాహనంలో డీజిలు నెమ్మదిగా దిగుతుంటే లోపం ఎక్కడ?

పాలు వేసుకొన్న వాహనం పెట్రోలు బంకులో నిలబడిన ప్రతి నిమిషమూ పాలకు చేటే. శీతలీకరణ కేంద్రంలో 4 డిగ్రీల సెంటిగ్రేడుకు చల్లబడేదాకా పాలలో సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. అమరావతి, పెదకూరపాడు, సత్తెనపల్లి ప్రాంతాల వేసవి ఎండకు ఈ పెరుగుదల మరీ ఎక్కువ. కేంద్రంలో మరిగించి చూసినప్పుడు పాలు విరిగితే ఆ క్యాను తిరస్కరిస్తారు. నష్టం సంఘానిది, అనుమానం మాత్రం పాలు పోసిన రైతు మీదకు పోతుంది. కనుక ఈ విషయం డ్రైవరుకే కాక సభ్యులందరికీ తెలిసి ఉండాలి.

"నాజిల్ పెట్టగానే టక్కుమని ఆగిపోతున్నది, ధార తగ్గిస్తేగాని దిగడం లేదు" అనేది డ్రైవర్లు తరచు చెప్పే మాట.

కారణం ఏమిటి?

సీసా మూతికి గరాటు బిగిసిపోతే నూనె దిగదు. గరాటును కాస్త పైకెత్తితే లోపలి గాలి బయటికి వచ్చి నూనె దిగుతుంది. వాహనం ట్యాంకు సంగతీ ఇంతే. ఇంధనం లోపలికి పోవాలంటే అంత గాలీ బయటికి రావాలి. ఇందుకు పోసే గొట్టం పక్కన సన్నని గాలి గొట్టం ఉంటుంది. అది పూడుకుపోతే ఇంధనం గొంతులోనే నిలిచి పైకి తన్నుతుంది. నాజిల్ కొనకు దగ్గరగా ఒక చిన్న రంధ్రం ఉంటుంది. ఇంధనం గాని నురుగు గాని దానిని మూయగానే నాజిల్ తనంతట తానే ఆగిపోతుంది. డీజిలు నురుగు ఎక్కువ కట్టేది గనుక ఈ ఇబ్బంది దానిలో అధికం.

వరుసగా పరీక్షించవలసినవి

1. ముందుగా లోపం బంకుదా, బండిదా తేల్చుకోవాలి. అదే నాజిల్‌తో ఇతర వాహనాలకూ ధార సన్నగా వస్తుంటే బంకు ఫిల్టరు మూసుకొని ఉండవచ్చు. మన బండి ఏ బంకులోనైనా ఇలాగే చేస్తుంటే లోపం బండిదే.

2. నాజిల్‌ను కొద్దిగా పక్కకు తిప్పి, ఒక అంగుళం వెనక్కు లాగి, తక్కువ ధారతో పట్టించాలి. అప్పుడు సాఫీగా దిగితే ధార గొట్టం గోడకు తగిలి వెనక్కు చిమ్ముతున్నదని అర్థం.

3. గాలి గొట్టం చూడాలి. నల్లరేగడి బురద, దుమ్ము, కందిరీగల మట్టిగూడు దానిని మూసివేయగలవు. మెకానిక్కు చేత దానిని ట్యాంకు నుండి విడదీయించిన తరువాతనే గాలి కొట్టించాలి. విడదీయకుండా కొడితే మట్టి ట్యాంకులో పడుతుంది.

4. పోసే రబ్బరు గొట్టం మడతపడినదేమో చూడాలి. బాడీ మరమ్మతు చేయించిన తరువాత ఇబ్బంది మొదలైతే మొదట అనుమానించవలసినది దీనినే.

5. పెట్రోలు బండ్లలో ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా ఉంటుంది. నాజిల్ ఆగిన తరువాత కూడా గొంతుదాకా పట్టిస్తే పెట్రోలు అందులోకి చేరి అది పాడవుతుంది. గాలి దారి మూసుకుపోతుంది. కాబట్టి నాజిల్ మొదటిసారి నిండి ఆగినప్పుడే చాలించాలి.

ఈ పనులలో బీడీ, అగ్గిపుల్ల, దీపం దగ్గరకు రానీయరాదు. ట్యాంకులోకి ఇనుప తీగ దూర్చరాదు.

కొలత మీద అనుమానం వస్తే

ధార సన్నగా వచ్చినంత మాత్రాన కొలత తగ్గినట్లు కాదు. అయినా అనుమానం ఉంటే ముద్ర వేసిన 5 లీటర్ల పాత్రతో కొలిచి చూపమని అడిగే హక్కు వినియోగదారునికి ఉన్నది. 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా రాకూడదు. మించితే తూనికలు, కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు.

సంఘాలు చేయవలసినది

మరమ్మతు ఎప్పుడు పూర్తయినా ఒక్క కట్టుబాటు ఈ రోజే పెట్టుకోవచ్చు. క్యాన్లు దించిన తరువాతనే డీజిలు పట్టించాలి. పాలతో బంకుకు పోరాదు. మిర్చి లారీలతో గుంటూరు దారి బంకులు కిటకిటలాడే నెలలలో ఇది మరీ ముఖ్యం. లాగ్ పుస్తకంలో పట్టించిన లీటర్లతోపాటు పట్టిన నిమిషాలూ రాయించండి. 40 లీటర్లకు రెండు నిమిషాలు చాలు. పది నిమిషాలు పడుతుంటే బండి మెకానిక్కు దగ్గరకు పోవలసినదే. అద్దె వాహనమైతే ఈ షరతులు ఒప్పందంలోనే చేర్చండి. పాలు విరిగిన రోజున రైతును అడిగేముందు ఆ పుస్తకం తెరిచి చూడడం పాలకవర్గం ధర్మం.